చెయ్యెత్తిన మనిషి

ఆర్మూరు మార్కెట్ యార్డులో తుకారాం తూకందారు. సంచి మూతి విప్పగానే మోచేతి దాకా లోపల చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఒక పసుపు కొమ్ము బయటికి లాగి, చెవి దగ్గర పెట్టుకుని విరిచేవాడు. ఠప్పుమంటే సరుకు ఎండినట్టు. మెత్తగా వంగితే ఆ రైతు ముఖం వంక ఒక్క చూపు చూసేవాడు. ఆ చూపుకు జడిసి వేల్పూరు, బాల్కొండ రైతులు పసుపును మరో రెండు రోజులు ఎండబెట్టుకుని వచ్చేవాళ్లు. అంతవరకు మంచిదే. కానీ ఈ విరిచి చూసే గుణం యార్డు గేటు దగ్గర ఆగలేదు. పాలుపోసే ఆమె చెంబులో వేలు ముంచి చూసేవాడు. పెళ్లిపత్రిక ఇస్తే ముహూర్తం ఎవరు పెట్టారని అడిగేవాడు. పని లేకుండా ఎవరైనా నవ్వుతూ పలకరించారంటే ఆ పూట అతనికి అన్నం సయించేది కాదు.

"గీయనకు దేవుడు కనవడ్డా ముందుగాల రేషన్ కార్డు సూపియ్యమంటడు" అని భార్య భాగ్యవ్వ బీడీలు చుడుతూ వాడకట్టు ఆడవాళ్లను నవ్వించేది.

అట్లాంటి మనిషికి లోకంలో అందరికంటే ఎక్కువ అనుమానం ఎమ్మెల్యే గంగాకిషన్ మీద. చుట్టుపక్కల నాలుగు మండలాల జనం ఎవరి నిజాయితీ మీద ఒట్టు పెట్టుకునేవారో ఆ మనిషి మీదనే. పైకి ఇది వింతగా కనిపిస్తుంది గానీ, మిగతా అనుమానాలలాగా ఇది గాలిలోంచి పుట్టింది కాదు. దీనికి తుకారాం దగ్గర సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యం అతని కుడిచెయ్యే.

1978 జనవరిలో కబడ్డీ పోటీల ఆఖరి ఆట ఆర్మూరు కాలేజీ మైదానంలో జరిగింది. ఆర్మూరుకూ వేల్పూరుకూ మధ్య. తుకారాం అప్పుడు వేల్పూరు జట్టులో కూతకు వెళ్లే ఆటగాడు. సన్నటి మనిషి, పొడుగు చేతులు. ఇంకో అర నిమిషంలో ఆట ముగుస్తుందనగా ఆర్మూరు ఒక్క పాయింటు ముందుంది. కానీ వాళ్ల బరిలో మిగిలింది గంగాకిషన్ ఒక్కడే. తక్కిన ఆరుగురూ అవుటై గీత బయట గొంతుక్కూర్చున్నారు. ఆ ఒక్కడినీ ముట్టుకుని తిరిగొస్తే, జట్టంతా అవుటైనందుకు అదనపు పాయింట్లు కూడా కలిసి కప్పు వేల్పూరుది, ఉత్త చేతులతో వస్తే ఆర్మూరుది. వెనుక గీత దగ్గర చిన్న జెండా పట్టుకుని లక్ష్మీరాజం సార్ నిలబడి ఉన్నాడు. ఆయన ఆర్మూరు హైస్కూలు డ్రిల్లు మాస్టరు. గంగాకిషన్‌కు చిన్నప్పుడు ఆట నేర్పింది ఆయనే. అయినా ఆయన్ను గీత దగ్గర పెట్టడానికి వేల్పూరు వాళ్లు కూడా అడ్డు చెప్పలేదు. సార్ మాటంటే అంత గురి.

తుకారాం కూత పెడుతూ లోపలికి వెళ్లాడు. గంగాకిషన్ వెనక్కి వెనక్కి జరిగాడు. ఇక జరగడానికి చోటు లేదనుకున్న క్షణాన తుకారాం కుడిచెయ్యి చాపి నడుము మీదికి దూకాడు. గంగాకిషన్ ఒళ్లు విల్లులా వంచి వెనక్కి ఎగిరాడు. చూసేవాళ్లకు చెయ్యి తగిలినట్టే ఉంది. తగల్లేదు. నాలుగు వేళ్ల ఎడం. తుకారాం వేళ్లకు గాలి తప్ప ఏమీ దొరకలేదు. దమ్ము అయిపోవస్తుంటే తిరిగి పరుగెత్తి నడిగీత దాటాడు. రెఫరీ పాయింటు లేదని చెయ్యి ఊపాడు. ఆర్మూరు జనం తువాళ్లు గాల్లోకి ఎగరేశారు.

అప్పుడు గంగాకిషన్ చెయ్యెత్తాడు. కబడ్డీలో అదొక మర్యాద. అవుటైనవాడు రెఫరీ చూడకపోయినా తానే చెయ్యెత్తి బరి వదిలి బయటికి నడవాలి. ఊరి ఆటల్లో నూటికి ఒక్కడు కూడా ఆ మర్యాద పాటించడు. గంగాకిషన్ పాటించాడు. ఎత్తిన చెయ్యి దించకుండా, తన ఊరివాళ్లే తిడుతుంటే బయటికి వెళ్లిపోయాడు. రెఫరీ ఇక చేసేదేముంది! వేల్పూరు గెలిచిందన్నాడు.

తుకారాం నోరు తెరవబోయాడు. ఒక్క మాట, 'నేను ముట్టలే' అని. అంతలో జట్టువాళ్లు అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. పైకి లేచాక ఆ మాట లోపలే ఉండిపోయింది. ఆ గెలుపు సర్టిఫికెట్టు చూపించే మరుసటి ఏడు అతను మార్కెట్ కమిటీలో తూకందారు అయ్యాడు. పెళ్లయింది. ఆర్మూరుకు కాపురం మార్చాడు. ఇంట్లో మూడు పూటలా పొయ్యి వెలగడానికి ఆ సర్టిఫికెట్టే మొదలు. కాబట్టి ఆ మాట ఇక ఎవరికీ చెప్పలేదు. భాగ్యవ్వకు తప్ప.

కానీ ప్రశ్న మాత్రం మనసులో పచ్చిగానే ఉండిపోయింది. తగలని చెయ్యికి ఈ మనిషి ఎందుకు బయటికి నడిచాడు? ఆటను అమ్ముకున్నాడా? ఎవరికి? వేల్పూరు వాళ్లలో ఒక్కొక్కరినీ నెమ్మదిగా కదిపి చూశాడు. ఎవరి దగ్గరా ఆ జాడ లేదు. జాడ దొరకనందుకు అనుమానం తగ్గుతుందనుకుంటే మీకు తుకారాం తెలియనట్టే. అంత గట్టిగా దాచారంటే అది ఎంత పెద్దదో అనుకున్నాడు.

గంగాకిషన్ తర్వాత రాష్ట్రం జట్టుకు నాలుగేళ్లు ఆడాడు. మోకాలు చెడి ఊరికి తిరిగొచ్చి, ఐదెకరాల పసుపు సేద్యంలో పడ్డాడు. 1985 ఎన్నికల్లో ఊళ్లో కుర్రాళ్లు పట్టుబట్టి అతన్ని ఇండిపెండెంటుగా నిలబెట్టారు. చేతిలో చిల్లిగవ్వ లేదు. ఉన్నది ఒక్క కథ. ఓడిపోతానని తెలిసీ చెయ్యెత్తిన మనిషి అనే కథ. భూపతి అని గట్టి గొంతు గల మిత్రుడు ఒకడు ఊరూరా మైకు పట్టి అదే చెప్పాడు. చెయ్యి వేరే పార్టీ గుర్తు, గంగాకిషన్‌ది గొడుగు కావడంతో, "చెయ్యెత్తిన మనిషికి ఓటెయ్యుండ్రి, చెయ్యికి గాదు, గొడుగుకు" అని ప్రతిచోటా విడమరిచి చెప్పుకోలేక చచ్చాడు పాపం. సభ చివర తుకారాంను స్టేజీ ఎక్కించేవాడు. "గిదో, గీ చెయ్యే ముట్టింది" అని అతని కుడిచెయ్యి పైకెత్తి చూపించేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. తుకారాం దండం పెట్టి దిగిపోయేవాడు. పక్కనే నిలబడ్డ గంగాకిషన్ ఆ చేతి వంక ఎప్పుడూ చూసేవాడు కాదు. అది కూడా తుకారాం గమనించి పెట్టుకున్నాడు.

అలా గంగాకిషన్ గెలిచి హైదరాబాదుకు పోయాడు. ఆ రోజు నుంచి తుకారాం పేపరు చదవడం మొదలుపెట్టాడు. హోటల్లో చాయ్ ఒకటి చెప్పి, అసెంబ్లీ వార్తలున్న పేజీ ఎవరికీ ఇవ్వకుండా పట్టుకుని కూర్చునేవాడు. గంగాకిషన్‌కు ఉపన్యాసాలు రావు. అతనికి వచ్చింది ప్రశ్నలు అడగడం. ఆర్మూరు యార్డులో పసుపు ఆరబోసేందుకు సిమెంటు కళ్లాలు లేక సరుకు మట్టిపాలవుతున్నది వాస్తవమేనా? బీడీలు చుట్టే ఆడవాళ్లకు దగ్గర్లో దవాఖాన లేనిది వాస్తవమేనా? వాస్తవమైతే ఎప్పటిలోగా కట్టిస్తారు? మంత్రి జవాబు దాటేస్తే మళ్లీ సమావేశాల్లో అదే ప్రశ్న, అక్షరం మార్చకుండా. మూడోసారికి మంత్రులే విసిగిపోయి పని చేయించేవాళ్లని చెప్పుకునేవారు.

కళ్లాలు వచ్చాయి. తుకారాం మేకు తీసుకుని ఓ మూల గీకి, సిమెంటు ఎంత మందం పోశారో చూశాడు. మందంగానే పోశారు. 'మొదటి పని గదా, గట్టిగనే చేయిస్తడు' అనుకున్నాడు. బీడీ దవాఖాన వచ్చింది. భాగ్యవ్వకు నాలుగేళ్లుగా వదలని దగ్గు అక్కడి మందులకు మూడు నెలల్లో తగ్గింది. ఆ మందు సీసా తిప్పి తిప్పి చూసి, తేదీ దాటిందేమోనని చదివాడు. దాటలేదు.

"గాయన నీకేం జేసిండయ్యా? ఓడిపోయి నిన్ను గెలిపిచ్చిండు. నా పానం నిలవెట్టిండు. ఇంగేం గావాలె నీకు?" అని భాగ్యవ్వ ఒకసారి నిలదీసింది.

"గదే గదనే నేననేది. ఊకనే ఎవడన్న గెలిపిస్తడా?"

1989లో గంగాకిషన్ రెండోసారి కూడా గెలిచాడు. మళ్లీ అదే స్టేజీ, అదే కథ, అదే కుడిచెయ్యి. తర్వాత ఒక ఏడు అసెంబ్లీలో మార్కెట్ కమిటీల మీద ఏదో బిల్లు వచ్చింది. దానికి ఒప్పుకుంటే ఇండిపెండెంట్లకు కార్పొరేషన్ కుర్చీలు ఇస్తారని పేపర్లో గుసగుసలు రాశారు. ఓటింగు నాడు గంగాకిషన్ వ్యతిరేకంగా చెయ్యెత్తాడు. మర్నాడు ఫోటో పడింది. కుర్చీల వరుసలో ఒక్క చెయ్యే పైకి లేచి ఉంది. ఆర్మూరులో ఆ పేపరు దొరకలేదు, అంతగా కొన్నారు. తుకారాం ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. అదే చెయ్యి. మోచెయ్యి కొంచెం వంచి, వేళ్లు దగ్గరకు పెట్టి, అచ్చం ఆ రోజులాగానే. 'అప్పుడు ఉత్తుత్తిగ ఎత్తిండు, ఇప్పుడెందుకు ఎత్తిండో' అనుకున్నాడు. ఇంతకంటే పెద్ద కుర్చీకి బేరం నడుస్తోందని తేల్చుకున్నాడు. మూడేళ్లు ఎదురుచూశాడు. ఏ కుర్చీ రాలేదు. బేరం కుదరలేదు కాబోలు అనుకున్నాడు గానీ, బేరమే లేదేమో అన్న ఆలోచన మాత్రం అతని దరిదాపులకు రాలేదు.

అసలు చిక్కు 1994 ఎండాకాలంలో వచ్చింది. గంగాకిషన్ అసెంబ్లీలో మరో ప్రశ్న వేశాడు. ఆర్మూరు యార్డులో పసుపు సంచికి రెండు కిలోల చొప్పున తరుగు పేరిట తీసేస్తున్నది వాస్తవమేనా?

వాస్తవమే. కాంటా అరవై చూపిస్తే తూకందారు యాభై ఎనిమిది రాసేవాడు. దుమ్ము, తేమ, సంచి బరువు అని, కమీషను మీద సరుకు అమ్మించే అడ్తిదారులు ఏనాడో పెట్టిన ఆనవాయితీ. తుకారాం కొలువులోకి రాకముందు నుంచీ ఉంది. అతను పదిహేనేళ్లుగా అట్లాగే రాస్తున్నాడు. ముల్లు ఎన్నడూ వంచలేదు, ఒక్క రైతు దగ్గరా చాయ్ కూడా తాగలేదు. తాను యార్డులోకెల్లా నిఖార్సైన మనిషినని అతని నమ్మకం. అందులో అబద్ధం లేదు కూడా. ఆ రెండు కిలోల సంగతి ఒక్కటి అతనికి మోసంగా ఎన్నడూ తోచలేదు, అంతే.

ప్రశ్న పడ్డ పదిహేను రోజులకు విచారణ అన్నారు. అది తేలేదాకా ముగ్గురు తూకందార్లను పక్కన పెట్టారు. ఆ ముగ్గురిలో తుకారాం ఒకడు. కాంటా దగ్గర వేరే మనుషులు నిలబడితే చూడలేక ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. కొలువు పోతే తన పేరుకు మిగిలేది దొంగ తూకందారు అన్న ముద్ర ఒక్కటే. అట్లా మూడు రోజులు కూర్చున్నాక అన్ని ముడులూ ఒక్కసారిగా విడిపోయినట్టు అనిపించింది. గంగాకిషన్ రహస్యం తెలిసినవాడు తానొక్కడే. ఆ ఒక్కడినే గంగాకిషన్ దొంగను చేసి కూర్చోబెట్టాడు. రేపు తాను నోరు తెరిచినా ఎవరు నమ్ముతారు? ఎంత పన్నాగం!

"నన్ను లేకుండ జేయాలనే గీ నాటకం" అన్నాడు భార్యతో.

"గాయన నీ పేరు దీసిండా? తరుగు అన్నడు. తరుగు దీసుడు అబద్ధమా?"

"నేను పెట్టిన్నా గది?"

"నువ్వు పెట్టలే. రాసినవ్."

తుకారాం పళ్లు కొరికాడు. ఇక భార్యతో ఆ మాట ఎత్తలేదు.

విచారణ నానుతూనే ఉంది. నవంబరు చివర్లో మళ్లీ ఎన్నికలు వచ్చాయి. గంగాకిషన్ సభ కాలేజీ మైదానంలోనే పెట్టారు. ముందురోజు భూపతి సైకిలు మీద ఇంటికొచ్చాడు.

"తుకారామన్నా, రేపు రావాలె. నువ్వు స్టేజీ మీదికి రాకుంటె సభ సభ లెక్కనే ఉండది."

తుకారాం తల ఊపాడు. భూపతి వెళ్లాక భాగ్యవ్వ బీడీల చాట పక్కన పెట్టి మొగుడి ముఖం చూసింది. ముప్పై ఏళ్లుగా ఆకులు చూసి చూసి, ఏ ఆకు ఎక్కడ చిరుగుతుందో తెలిసిన మనిషి ఆమె.

"ఏం జేద్దామనుకుంటున్నవ్?"

"నిజం జెప్త."

"పదహారేండ్ల నుంచి యాదికి రాని నిజం, నీ కొలువు మీదికొచ్చినంకనే యాదికొచ్చిందా?"

తుకారాం లేచి అరుగు మీదికి పోయాడు. ఆ మాట అతని కోపాన్ని ఇంకా పెంచింది.

మర్నాడు మధ్యాహ్నం మైదానం నిండింది. ఆటకు వచ్చినంత జనం. ముందు వరుసలో కుర్చీ వేసి లక్ష్మీరాజం సార్‌ను కూర్చోబెట్టారు. రిటైరై చాలా ఏళ్లయింది, చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. భూపతి గొంతు సవరించుకుని కథ ఎత్తుకున్నాడు. అర నిమిషం ఉంది, బరిలో ఒక్కడే ఉన్నాడు, అంటూ జనానికి ఊపిరాడనివ్వకుండా చెప్పి, చివరికి తుకారాం కుడిచెయ్యి పైకెత్తి, "గిదో, గీ చెయ్యే" అన్నాడు.

తుకారాం చెయ్యి విడిపించుకున్నాడు. మైకు అందుకున్నాడు.

"గీ చెయ్యి ఆయనకు ముట్టలే. నా తల్లి తోడు, నా పెండ్లాం తోడు. నాలుగు వేళ్ల ఎడముండె. నేను ముట్టలే. మరి ఆయన ఎందుకు బైటికి పోయిండో ఆయన్నే అడుగుండ్రి."

మైదానం వెనుక నుంచి గోల లేచింది. గంగాకిషన్ కుర్చీలోంచి లేచాడు. చెడిన మోకాలు మీద బరువు పడకుండా నెమ్మదిగా మైకు దగ్గరికి వచ్చాడు. మాట్లాడబోయే ముందు ఒక్కసారి ముందు వరుస వంక చూశాడు. సార్ నేలను చూస్తున్నాడు. తుకారాం ఆ చూపు కూడా చూశాడు గానీ అందులో ఏమీ కనిపెట్టలేకపోయాడు.

"తుకారాం జెప్పింది నిజమే. ఆయన చెయ్యి నాకు తగల్లే" అన్నాడు గంగాకిషన్.

"మరెందుకు ఎత్తినవ్ చెయ్యి? ఎంతకమ్ముకున్నవ్?" అని ఎవడో అరిచాడు.

"అమ్ముకోలే. నేను ఔటైన మాట గూడ నిజమే. ఎట్లయిననో గది మాత్రం నేను జెప్పను. నమ్మెటోళ్లు నమ్ముండ్రి." అని దండం పెట్టి కూర్చున్నాడు.

ఏ నాయకుడైనా ఇంత చేతకాని జవాబు ఇస్తాడా చెప్పండి! ఏదో ఒక కథ అల్లితే సరిపోయేది. జనం చప్పట్లు కొట్టడానికి సిద్ధంగానే ఉన్నారు. చెప్పను అన్నవాడి చుట్టూ జనమే కథలు అల్లారు. ఆట అమ్ముకున్నాడన్నారు. రెండు ఎకరాలు దాంతోనే కొన్నాడన్నారు. కళ్లాల సిమెంటులో కూడా తిన్నాడని, ఏనాడూ అనని మాట అన్నారు. పది రోజుల్లో పదేళ్ల పేరు కొట్టుకుపోయింది. గంగాకిషన్ ఆరువందల పదకొండు ఓట్లతో ఓడిపోయాడు.

ఫలితం వచ్చిన రోజు తుకారాం లోపల సంబరం కోసం వెతుక్కున్నాడు. అది దొరకలేదు. 'ఎట్లయిననో గది మాత్రం నేను జెప్పను' అన్న ముక్క మాత్రం పంటి కింద రాయిలా మాటిమాటికీ తగులుతూనే ఉంది.

నాలుగో రోజు పొద్దున చలికి ముడుచుకుని అరుగు మీద కూర్చుని ఉండగా లక్ష్మీరాజం సార్ వచ్చాడు. చేతికర్ర పక్కన పెట్టి, పిలవకుండానే పక్కన కూర్చున్నాడు. భాగ్యవ్వ చాయ్ తెచ్చిచ్చినా ముట్టలేదు.

"తుకారాం, నువ్వు ఆయన నడుము సూసినవ్. జనం ఆయన చెయ్యి సూసిండ్రు. కాలు ఎవలు సూడలే" అన్నాడు చివరికి.

"ఏం కాలు సార్?"

"ఎనుకకు ఎగిరినప్పుడు ఆయన మడిమ గీత అవుతల పడ్డది. రెండు వేళ్లంత. సున్నం అంటుకున్నది. నేను రెండు గజాల దూరంల ఉన్న. నా కండ్లతోని సూసిన."

తుకారాం సార్ వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు.

"గీత దాటినోడు ఔటే. జెండా ఎత్తాలె నేను. ఎత్తలే. నా పోరడు, నా ఊరు. కప్పు పోతదని చెయ్యి లేవలే. గంగాకిషన్ నా మొఖం సూసిండు. నేను తల తిప్పుకున్న. గప్పుడు ఆయనే చెయ్యెత్తిండు." ముసలాయన చేతికర్ర అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. "జనం నువ్వు ముట్టినవ్ అనుకున్నరు. మడిమ మాట జెప్తె గీత కాడ ఉన్నోడు ఏం జేసిండని అడుగుతరు గదా. అందుకని ఆయన ఎన్నడు జెప్పలే. మొన్న సభల నేనే లేసి జెప్పాలె. కాళ్లు లేవలే, తుకారాం. పదహారేండ్ల కింద చెయ్యి లేవలే, మొన్న కాళ్లు లేవలే."

తుకారాం సైకిలు తీసి మాక్లూరు దారి పట్టాడు. గంగాకిషన్ చేను ఆ దారిలోనే ఉంది. పదహారేళ్లు ప్రతిదాన్నీ విరిచి చూశానని గర్వపడిన మనిషికి, విరవాల్సిన కొమ్ము ఒక్కటి వదిలేశానని ఆ దారి పొడుగునా తెలిసొస్తూనే ఉంది.

గంగాకిషన్ చేలో ముందు వేసిన పసుపు ఒక మడి తవ్వి, కడాయిలో ఉడకబెడుతున్నాడు. పచ్చి వాసన, ఆవిరి. మాజీ ఎమ్మెల్యే లుంగీ ఎగ్గట్టి పొయ్యిలోకి ఎండాకు తోస్తున్నాడు. తుకారాంను చూసి లేచి, చేతులు తుడుచుకుని, కూర్చోమని సంచి ఒకటి పరిచాడు.

"సార్ వచ్చిండా నీ తానికి?" అని తనే అడిగాడు.

"వచ్చిండన్నా. నేను తప్పు జేసిన. రేపే యార్డుల అందరిని పిలిచి జెప్త. మైకు వెట్టి జెప్త. నీ మడిమ..."

"చెప్పకు" అన్నాడు గంగాకిషన్. కసురుకున్నట్టు కాదు, అలసిపోయినట్టు. "సార్ నలభై ఏండ్లు పిల్లలకు ఆట నేర్పిండు. డెబ్బై దాటిన ముసలాయన. గా ఒక్క నిమిషం కోసం ఆయనను ఊరు ముందట నిలవెడ్తమా? గిప్పుడు నేను ఓడిపోయి ఉన్న. గింతకంటె ఓడిపోయేది ఏం లేదు. నాకు మాటియ్యి."

తుకారాం తల వంచుకుని చేతిలో చెయ్యి వేశాడు. అదే కుడిచెయ్యి. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ చెయ్యి గంగాకిషన్‌కు తగలడం.

"నువ్వేం అబద్ధం జెప్పలే తమ్మీ. ముట్టలేదన్నవ్, ముట్టలే. దానికి నాకు నీ మీద కోపం లేదు." గంగాకిషన్ పొయ్యిలో మంటను కర్రతో ఎగదోశాడు. "కని ఒక్కటి అడుగుత. నాకు ఎన్నడు సమజు గాలే గది. గా పొద్దు నేను బైటికి పోతుంటె నీ దిక్కు సూసిన. నీకు ఎరుకనే గదా, ముట్టలేదని. నువ్వు గూడ చెయ్యెత్తి ఒక్క మాట అంటవని సూసిన. ఎందుకనలే?"

తాను అతన్ని అడగాలని ఒక ప్రశ్నను మోసినట్టే, అతను కూడా తనను అడగాలని ఒకటి పదహారేళ్లుగా మోస్తున్నాడని తుకారాంకు అప్పుడు అర్థమైంది. ఆ ప్రశ్న తనను తాను ఎన్నడూ అడుక్కోలేదు. ఏవేవో జవాబులు నోటి దాకా వచ్చాయి. భుజాల మీదికి ఎత్తుకున్నారు, గోలలో వినబడేది కాదు, చిన్నతనం. ఏదీ నిలవలేదు.

"గెలవాలనిపిచ్చింది అన్నా" అన్నాడు.

గంగాకిషన్ తల ఊపాడు. పొయ్యిలోకి మరికొంత ఎండాకు తోశాడు.

సంక్రాంతి దాటాక విచారణ ముగిసింది. తరుగు తీయొద్దని యార్డులో బోర్డు రాసి పెట్టారు. గంగాకిషన్ అడిగిన ఆఖరి ప్రశ్నకు అది జవాబు. కానీ ఆ బోర్డు ఎవరి పుణ్యమో చెప్పుకునేవాళ్లు లేరు. తూకందార్లను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. తుకారాం కాంటా దగ్గరికి వచ్చిన మొదటి రోజే హమాలీలు నవ్వుతూ ఎదురొచ్చారు. ఎమ్మెల్యే పక్కనుండగానే స్టేజీ మీద నిజం చెప్పిన మనిషని ఆర్మూరంతా అతనికి పేరు. చెయ్యెత్తిన మనిషి అని భూపతి పెట్టిన పేరును జనం తీసి ఇప్పుడు తుకారాంకు తగిలించారు. వద్దని అనబోతే, ఎందుకు వద్దో చెప్పాలి. చెప్పనని మాట ఇచ్చాడు. దండం పెట్టి ఊరుకున్నాడు. అచ్చంగా ఇట్లాగే ఒకడు స్టేజీ మీద పదేళ్లు ఊరుకున్నాడని గుర్తొచ్చింది.

ఆ మధ్యాహ్నం మాక్లూరు నుంచి హన్మయ్య అనే రైతు పన్నెండు సంచుల పసుపు తెచ్చాడు. తుకారాం మొదటి సంచి కాంటా మీద పెట్టించి, "ఓ హన్మయ్యా, ఇటొచ్చి ముల్లు సూస్కో" అని పిలిచాడు.

హన్మయ్య తువాలు దులిపి నీడలో పరుచుకుని, అటు తిరిగి కూర్చున్నాడు.

"నీ కాంటకు నేను సూసుడెందుకే? నువ్వు చెయ్యెత్తినోనివి గదా. ఎంతంటె గంత రాసుకో."

"సూడు హన్మయ్యా, నీకు దండం వెడ్త. లేసొచ్చి సూడు" అన్నాడు తుకారాం.

హన్మయ్య నవ్వి, బీడీ ముట్టించుకున్నాడు. వెనక్కి తిరగలేదు.